డారియా: ఎంటీవీ ఉప్పు తింటూ ఎంటీవీని తిట్టడం నిజాయితీయేనా?

నిద్రగన్నేరు:

మొన్న జ్వరం తగిలి మూడు రోజులు మంచం మీదే ఉన్నాను. అటక మీంచి పాత డీవీడీలు దింపించి 'డారియా' మూడో సీజన్ మళ్లీ చూశాను. చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1997 మార్చి నుంచి 2002 జనవరి దాకా అమెరికా ఎంటీవీలో వచ్చిన కార్టూన్ సీరియల్ ఇది. లాన్‌డేల్ అనే ఊహల పట్నంలో ఒక హైస్కూలు. అందులో డారియా మోర్గెన్‌డార్ఫర్ అనే కళ్లద్దాల పిల్ల. ముఖంలో ఒక్క కండరం కదలకుండా, నేస్తం జేన్ లేన్ పక్కన నడుస్తూ, పెద్దాళ్లనీ పిల్లల్నీ ఎవర్నీ వదలకుండా చురకలేస్తూ ఉంటుంది.

నా పేచీ 1999లో వచ్చిన 'ద లాస్ట్ గర్ల్స్' అనే భాగంతో. ఇంగ్లీషు మాస్టారు ఓనీల్ ఈ పిల్ల రాసిన వ్యాసాన్ని ఒక టీనేజీ పత్రిక పోటీకి పంపుతాడు. గెలుస్తుంది. బహుమతి ఏంటంటే, పత్రిక ఎడిటర్ వాల్ స్వయంగా వచ్చి ఒక రోజంతా డారియాతో గడపడం. పత్రిక పేరు కూడా 'వాల్'! నాకైతే 1997లో తన పేరుతోనే 'జేన్' పత్రిక పెట్టిన జేన్ ప్రాట్ గుర్తొచ్చింది. ఈ వాల్‌కి వయసు మీద పడుతున్నా పిల్లల బట్టలు, పిల్లల యాస, నోరు తెరిస్తే 'ఎడ్జీ'. ఆ మాటకి డారియా ఇచ్చే అర్థం ఈ సీరియల్ ఎరిగినవాళ్లకి కంఠతా వచ్చే ఉంటుంది. సారం చెప్తాను: కుర్రకారు ఒంట్లోని హుషారునీ, జేబులోని డబ్బునీ పీల్చడానికి నడివయసు లాభాల వేటగాళ్లు పుట్టించిన మాట అది. పైకి ఏదో ప్రమాదంలా కనిపిస్తుంది, వేసే ప్రతి అడుగూ మార్కెట్ సర్వే చెప్పిందే.

బాగుంది. చప్పట్లు కొట్టాను కూడా. తర్వాత ఒళ్లు చల్లబడ్డాక ఆలోచిస్తే, ఈ మాట చెప్పిస్తున్నది ఎవరు? 1981 నుంచి కుర్రాళ్ల హుషారునీ జేబు డబ్బునీ పట్టుకునే బతుకుతున్న ఎంటీవీ. అదే ఛానెల్ కార్టూన్ 'బీవిస్ అండ్ బట్‌హెడ్'లో పక్క పాత్రగా ఉన్న పిల్లని విడదీసి సొంత సీరియల్ ఇవ్వడానికి ఒక కారణం, ఆడపిల్లలు కూడా తమ ఛానెల్ ముందు కూర్చోవాలని. ఆ వాల్ భాగం మధ్యలో వచ్చిన ప్రకటనలు ఎవరి కోసం? డారియాలా అన్నిటినీ చూసి పెదవి విరిచే పిల్లల కోసమే. అమ్మకానికి పడని పిల్లలకి అమ్మే కిటుకు ఇది. దొంగే 'దొంగా దొంగా' అని అరుస్తూ ముందు పరిగెత్తినట్టుంది. మీరేమంటారు?

ఫ్రిస్కో బావ:

అన్నా, నేను ఏడో క్లాసులో ఉండగా నాన్న హ్యూస్టన్ తీసుకొచ్చారు, 1998లో. ఇంగ్లీషు వచ్చు గానీ వాళ్ల ఇంగ్లీషు రాదు. బళ్లో నోరు విప్పితే నవ్వుతారని భయం. నోరు విప్పకపోయినా తెలివైనదిగా చెలామణీ అయ్యే పిల్ల ఒకతి టీవీలో కనిపించేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. కాబట్టి నాది న్యాయమైన తీర్పు కాదు, ముందే చెప్పేస్తున్నా.

కానీ ఎంటీవీలో కాకపోతే ఇంకెక్కడ వచ్చేది? ఆ రోజుల్లో పిల్లలు ఎంటీవీ దగ్గరే ఉండేవాళ్లు. పులి గురించి చెప్పాలంటే అడవిలోనే చెప్పాలి.

పైగా ఆ వెక్కిరింత గాల్లోంచి పుట్టింది కాదు. డారియా మొదలైన అదే 1997 మార్చిలో 'న్యూయార్కర్' పత్రికలో మాల్కమ్ గ్లాడ్‌వెల్ వ్యాసం వచ్చింది, 'కూల్' వేటగాళ్ల గురించి. బూట్ల కంపెనీలు జీతాలిచ్చి మరీ మనుషుల్ని వీధుల్లోకి పంపేవి, ఏ పేటలో ఏ కుర్రాడు ఏం తొడిగాడో చూసి రమ్మని. బడి లోపల కూడా అంతే. ఛానెల్ వన్ అని 1990 నుంచి ఒకటుండేది. బడికి టీవీ సెట్లు ఉచితం, బదులుగా పిల్లలు క్లాసులో రోజూ 12 నిమిషాల వార్తలు చూడాలి, అందులో 2 నిమిషాలు ప్రకటనలు.

2001లో ఐదో సీజన్ మొదటి భాగం చూడు. హెడ్ మిస్ట్రెస్ లీ బడిని ఒక కూల్‌డ్రింక్ కంపెనీకి రాసిచ్చేస్తుంది. గోడలన్నీ అల్ట్రా కోలా బొమ్మలే. చివరికి ఆవిడే ఆ డ్రింకు తాగీ తాగీ పిచ్చెత్తి గొడ్డలి పట్టుకుంటుంది. అతి అనుకుంటున్నావా? 1998లో జార్జియాలో ఒక హైస్కూలు కోకకోలా వాళ్ల బహుమతి కోసం 'కోక్ దినం' జరిపింది. పిల్లలందరూ కలిసి కోక్ అనే అక్షరాల ఆకారంలో నిలబడ్డారు. ఒక కుర్రాడు పెప్సీ చొక్కా చూపించాడని సస్పెండ్ చేశారు. ఇంక కార్టూన్ వాళ్లు అతి చేయడానికి ఏం మిగిల్చారు చెప్పు?

నిద్రగన్నేరు:

బావా, కోలా భాగం నా వాదనకే బలం. అది వచ్చిన 2001 ఫిబ్రవరిలోనే అమెరికా ప్రజా ప్రసార ఛానెల్ పీబీఎస్ వాళ్ల 'ఫ్రంట్‌లైన్' కార్యక్రమంలో ఒక డాక్యుమెంటరీ వేశారు. అందులో ఎంటీవీ పరిశోధకులు పిల్లల ఇళ్లకి వెళ్లి, బట్టల అలమరాలు తెరిపించి, దగ్గరున్న పాటలన్నీ తిరగేసి రాసుకోవడం గురించి చెప్తారు. దాచుకోలేదు, గర్వంగానే చెప్పారు. అంటే ఒకే నెలలో ఒకే ఛానెల్ ఒక చేత్తో పిల్లవాడి అలమరా వెతుకుతూ, రెండో చేత్తో అలమరా వెతికేవాళ్లని చూసి నవ్వు అంటోంది. మొదటి సీజన్లో పిల్లల్ని మాల్‌కి తీసుకెళ్లి, అద్దం వెనక నుంచి గమనిస్తూ అభిప్రాయాలు లాగే సీను ఉంది కదా? అద్దం వెనక కూర్చున్నవాళ్లే ఆ సీనుకి డబ్బులు పెట్టారు.

సుద్దముక్క:

నమస్కారమండీ. మాది రాజమండ్రి. న్యూజెర్సీలో మిడిల్ స్కూల్లో పాఠాలు చెప్పి పదకొండేళ్లు. మీరిద్దరూ డబ్బు దగ్గరే తిరుగుతున్నారు. నాకు కడుపు మండేది ఓనీల్ విషయంలో.

వాల్ వచ్చింది పత్రిక అమ్ముకోడానికి. సరే, తిట్టండి. ఓనీల్ ఏం అమ్ముకున్నాడండీ? పిల్లలకి కూర్చోడానికి ఒక చోటుండాలని కాఫీ హోటల్ పెట్టిస్తాడు, కవిత్వం చదివిస్తాడు. ఎవరేమన్నా కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. అయిదేళ్లూ ఆయన్ని తన్నని భాగం లేదు. పిల్లల్ని చూస్తే కంటి గుడ్డు బయటికొచ్చేలా అరిచే ఇంకో మాస్టారు డిమార్టినోకి మాత్రం ఎక్కడో ఒక గౌరవం. దగ్గరకి రాబోయినవాడు జోకరు, దూరంగా నిలబడి అరిచేవాడు హీరో! ఇదెక్కడి లెక్క?

మా స్టాఫ్ రూములో నేను ఓనీల్‌నే. పిల్లలు మాట్లాడే ముక్క ఒకటి ఎలాగో పట్టుకుని క్లాసులో వాడతాను. వెనక బెంచీ వాళ్లు మొహాలు చూసుకుంటారు. తెలుసు నాకు. అయినా మర్నాడు ఇంకొకటి వాడతాను. ఎందుకంటే మాట్లాడని మాస్టారి కంటే తప్పు మాట్లాడే మాస్టారు నయమని నా నమ్మకం. ఆ రాసినవాళ్లు ఒక్క నెల బడిలో పనిచేసి అప్పుడు రాస్తే బాగుండేది.

ఫ్రిస్కో బావ:

అక్కా, మొదటి భాగం గుర్తు చేసుకోండి. ఆత్మవిశ్వాసం పెంచే క్లాసులో ఓనీల్ కాగితం చూసి చదువుతుంటాడు. డారియా చెయ్యెత్తి, ఆ మాటకి అర్థమేంటని అడుగుతుంది. ఆయనకే తెలీదు. ఈ ముక్క పూర్తి చేయనివ్వమ్మా, తర్వాత వీడియో ఉంది అంటాడు. పిల్లల పేర్లు కూడా సరిగ్గా పలకడు. ఆయన తన్నులు తిన్నది దగ్గరకి రాబోయినందుకు కాదు. వచ్చి కూడా వినిపించుకోనందుకు. జేన్ ఆ క్లాసు ఆరుసార్లు కూర్చుంది, జవాబులన్నీ నోట్సు రాసిపెట్టుకుంది. ఆరుసార్లలో ఒక్కసారీ ఆయనకి అనుమానం రాలేదు!

మీరు తప్పు మాట వాడతారేమో గానీ, పిల్లలు మొహాలు చూసుకోవడం మీకు కనిపిస్తోందిగా. ఓనీల్‌కి కనిపించదు. అదీ తేడా.

సుద్దముక్క:

ఈ మాట వెన్నలా పూశారు గానీ ఒప్పుకోను. వినిపించుకోకపోవడం తప్పే. దాని కోసం అరవై అయిదు భాగాలు ఉతకాలా? తల్లి హెలెన్ వకీలు, ఫోను చెవి దగ్గర్నుంచి తీయదు. ఆవిడకి చివర్లో కాస్త మెత్తని సీను ఇస్తారు. తండ్రి జేక్ మార్కెటింగ్ సలహాదారు, పేపర్ వెనక మొహం. ఆయన్నీ ముద్దు చేస్తారు. మాస్టార్లకి మాత్రం మినహాయింపు లేదు.

కారప్పూస:

నేను హైదరాబాద్ల యాడ్ ఏజెన్సీల పద్నాలుగేండ్లు కాపీ రాసిన. ఇప్పుడు మానేసిన. ఈ ముచ్చట చూసి ఉండబట్టక వచ్చిన.

వాల్ నేనే. ఏం పరేషాన్ గాకండ్రి, జర ఇనుండ్రి.

కాలేజీ పోరగాండ్లకు ఒక రీచార్జ్ స్కీమ్ అమ్మాలె. కంపెనీ పేరెందుకు, వదిలేయండ్రి. మా బాస్ నన్నూ ఇంకొకణ్ణీ దిల్‌సుఖ్‌నగర్ దిక్కు కోచింగ్ సెంటర్ల దగ్గరికి తోలిండు. వారం రోజులు బండ్ల మీద మిర్చి తినుకుంట, చాయ్ తాగుకుంట, పిల్లలేం మాట్లాడుతున్నరో నోట్ బుక్కుల రాసుకున్నం. ఒక పిల్ల వచ్చి అడిగింది, 'అన్నా, మీరు పోలీసోళ్లా?' అని. కాదమ్మా, యాడ్ రాస్తం అన్న. 'ఓ, అంతేనా' అన్నది. ఆ 'అంతేనా' ఇప్పటికీ చెవులల్ల మోగుతది.

ఒక మాట దొరికింది. అందరి నోట్లె అదే. మస్తుగ అనిపించింది. ప్రెజెంటేషన్లు, మూడు మీటింగులు, క్లయింట్ దగ్గర్నుంచి ఓకే, ఆర్ట్ వర్క్, హోర్డింగు. నాలుగు నెలలు. హోర్డింగు ఎక్కినంక అదే చాయ్ బండి దగ్గరికి పోయిన, మనోళ్లేమంటరో చూద్దామని. ఒక్కడు గూడ ఆ మాట అంటలేడు. ఒకడు హోర్డింగు చూపిచ్చి, 'గిదొచ్చినంక ఎవడంటడురా' అన్నడు పక్కోనితోటి. మాట బతికున్నప్పుడు పట్టుకున్నం, బోర్డుకెక్కిచ్చి సంపినం.

అమెరికాల గిట్లాంటిదే ఇంకా పెద్దది జరిగింది. 1992 నవంబర్ల 'న్యూయార్క్ టైమ్స్' వాళ్లు సియాటిల్‌ల గ్రంజ్ అనే రాక్ పాటల పోరగాండ్లు ఏం భాష మాట్లాడుతరని ఒక చిన్న నిఘంటువు అచ్చేసిన్రు. ఫోన్ల వాళ్లకు ఆ మాటలన్నీ చెప్పినామె అంతకుముందు సబ్ పాప్ అనే రికార్డుల కంపెనీల పనిచేసిన మనిషి. అన్నీ అప్పటికప్పుడు కల్పిచ్చి చెప్పింది! పనికిరానోణ్ణి 'లేమ్‌స్టెయిన్' అంటరంట, ఊకె తిరుగుడును 'స్వింగిన్ ఆన్ ద ఫ్లిపిటీ ఫ్లాప్' అంటరంట. పేపరోళ్లు నమ్మి వేసేసిన్రు. అబద్ధమని ఎరుకైనంక జనం ఆ మాటలు టీషర్టుల మీద అచ్చేసుకున్నరు. అది సదివినప్పుడల్లా మా చాయ్ బండి పోరగాండ్లు మా మీద దయ జూపిండ్రనిపిస్తది. వాళ్లు కనీసం నిజం మాటే ఇచ్చిన్రు.

నిద్రగన్నేరు అన్నా, నీ ప్రశ్నకు నా జవాబు: ఎంటీవీ లోపటున్నోళ్లకే గది రాసుడు అయితది. బయటోడు రాస్తే ఉపన్యాసమైతుండె. వాల్ లెక్క పొద్దంత బతికినోడే సాయంత్రం ఇంటికొచ్చి సిగ్గుతోని అసొంటి డైలాగు రాస్తడు. నాకైతే ఛాన్స్ రాలె.

ఇరవై_లోపు:

నాకు 19. ఈ పేజీలో అందరూ నలభై దాటిన అంకుల్స్, ఆంటీలు కూర్చుని టీనేజీ కార్టూన్ గురించి కొట్టుకోవడం చూస్తుంటే వాల్ భాగం లైవ్‌లో చూస్తున్నట్టుంది. సారీ. కానీ నిజం 😅

నేను డారియాని చిన్న చిన్న క్లిప్పుల్లోనే చూశాను మొదట. తర్వాత మొత్తం చూశా. మీరందరూ పెద్దవాళ్లని ఎలా చూపించారనే మాట్లాడుతున్నారు. మా బ్యాచ్‌లో దాన్ని ఎలా వాడుకుంటున్నారో చెప్తా. ఆకుపచ్చ జాకెట్, పెద్ద బూట్లు, గుండ్రటి కళ్లద్దాలు: 'డారియా లుక్'. ఏదీ కొనని పిల్ల వేసుకున్న బట్టలు ఇప్పుడు కొనుక్కోవాలి. అది ఎంటీవీ తప్పా, మా తప్పా, నాకు తెలీదు.

ఇంకోటి. మన సినిమాల్లో అరవై దాటిన హీరో బ్యాగు తగిలించుకుని కాలేజీకి వస్తాడు, మా భాష మాట్లాడతాడు. ఈల వేసేది మా నాన్న. మేం కాదు. కాబట్టి పెద్దవాళ్లు పిల్లల వెంట పడేది పిల్లల కోసమే అని మీరెందుకు అనుకుంటున్నారు? వాల్ పత్రిక కూడా సగం మంది పెద్దవాళ్లే చదివి ఉంటారని నా డౌటు.

నిద్రగన్నేరు:

చెల్లీ, అంకుల్ అన్నందుకు రెండు నిమిషాలు మౌనం పాటించాను. నాకు నలభై రెండు. ఇంకా అన్నయ్యనే.

నీ ఆఖరి మాట మాత్రం ఎక్కడో తగిలింది. రెండో సీజన్లో ఒక భాగం ఉంది. హెలెన్, జేక్ ఒకప్పుడు హిప్పీలు. పాత నేస్తాలు యేగర్ దంపతులు ఇంటికొస్తారు, వాళ్లు ఇంకా అలాగే ఉన్నారు. వాళ్లని చూసి వీళ్లిద్దరికీ తాము వదిలేసిందంతా గుర్తొచ్చి గుబులు పట్టుకుంటుంది. మళ్లీ ఆ కాలంలోకి దూకాలనిపిస్తుంది, దూకలేరు. ఆ భాగంలో వెక్కిరింత ఉంది గానీ విషం లేదు. వాల్ పరిగెత్తింది ఇతరుల పడుచుదనం వెంట. వీళ్లు తమ పడుచుదనం వెంటే పరిగెత్తారు. రాసినవాళ్లకి ఆ తేడా తెలుసు. ఇక్కడ ఒక అడుగు వెనక్కి వేస్తున్నా, రాసుకోండి.

ఎమీ పిన్ని కూడా ఉంది కదా, హెలెన్ చెల్లెలు. పెళ్లి భాగంలో వస్తుంది. డారియాకి మొత్తం సీరియల్‌లో మనసుకి దగ్గరైన పెద్దమనిషి ఆవిడే అనుకుంటా. ఆవిడ ఒక్కసారి కూడా పిల్లలా మాట్లాడదు. ఆవిడకి ఆవిడ విసుగులున్నాయి, ఆవిడ మాటలున్నాయి. ఈ పిల్లకి అవి నచ్చాయి, అంతే.

సుద్దముక్క:

ఎమీ పిన్ని సంవత్సరానికోసారి చుట్టపుచూపుగా వస్తుందండీ. నూట ఇరవై మంది పిల్లల హోంవర్కు దిద్దదు. పిన్నులు ఎప్పుడూ బాగానే ఉంటారు.

అయినా రాత్రి మీ గొడవ చదివి నిద్రపట్టక 2000లో వచ్చిన సినిమా పెట్టుకున్నా, 'ఈజ్ ఇట్ ఫాల్ యెట్?'. వేసవి సెలవుల్లో ఓనీల్ పిల్లల క్యాంపు పెడతాడు. డారియాని వాళ్లమ్మ అక్కడ పనికి పంపిస్తుంది. లింక్ అని ఒక కుర్రాడుంటాడు. ఎవరితోనూ మాట్లాడడు. ఇంట్లో ఏదో బాధ. డారియా తనలాంటివాడే కదా అని దగ్గరకి వెళ్తుంది. తనకి తెలిసిన పద్ధతిలో, అదే చురకల భాషలో పలకరిస్తుంది. వాడు విదిలించి కొడతాడు. ఆవిడ మొహం చూడాలండీ! ఓనీల్ మొహం అదే. మూడేళ్లుగా ఆయన్ని చూసి నవ్విన పిల్లకి, దగ్గరకి వెళ్లి భంగపడటం అంటే ఏంటో తెలిసొచ్చింది. తర్వాత ఉత్తరం ద్వారా ఏదో దారి దొరుకుతుంది గానీ, నాకు ఆ విదిలింపు చాలు. అంటే రాసినవాళ్లు మా వైపు కూడా ఒకసారి నిలబడి చూశారన్నమాట.

ఓనీల్‌కి క్షమాపణ చెప్పించి ఉంటే ఇంకా బాగుండేది. అది మాత్రం నేను వదలను.

కారప్పూస:

అక్కా, ఆ లింక్ పోరడు పెద్దగైనంక యాడ్ ఏజెన్సీల చేరి ఉంటడు.

నిద్రగన్నేరు:

అసలు ప్రశ్నకి వస్తే, ఎంటీవీ సంగతి. మంచం మీద పడుకుని ఇంకోటి గమనించాను. టీవీలో వచ్చినప్పుడు ప్రతి సీను వెనకా ఆ వారం ఛానెల్‌లో మోగుతున్న పాటలు ఉండేవి. నిజం చెప్పాలంటే ఛానెల్ అమ్ముకున్నది అవే. 2010లో డీవీడీ వచ్చేసరికి హక్కుల ఖర్చు భరించలేక దాదాపు అన్ని పాటలూ తీసేసి, ఊరూ పేరూ లేని సంగీతం పెట్టారు. అంటే నేను మొన్న చూసిన డారియాలో ఎంటీవీ అమ్మిన సరుకు ఒక్కటీ లేదు. వాల్ ఉంది, ఓనీల్ ఉన్నాడు, ఆ ఎడ్జీ డైలాగు ఉంది. జ్వరంలో అయినా నవ్వొచ్చింది.

దొంగ అరుస్తూనే ముందు పరిగెత్తాడు, కాదంటే ఒప్పుకోను. మూట మాత్రం దారిలో ఎక్కడో జారిపోయినట్టుంది.

బావా, నువ్వు అప్పట్లో టీవీలో చూశానన్నావుగా. వాల్ బడి వరండాలోకి అడుగుపెట్టినప్పుడు వెనక ఏ పాట వచ్చేదో గుర్తుందా?

ఫ్రిస్కో బావ:

గుర్తులేదన్నా. మా అక్క రికార్డు చేసిన క్యాసెట్ గరాజ్‌లో ఉండాలి. క్యాసెట్ ఉంది గానీ వేయడానికి ప్లేయర్ లేదు.

ఇరవై_లోపు:

క్యాసెట్ అంటే?